టేపు విప్పని తీర్పు

శనివారం పొద్దున వంటింట్లో కాఫీ వాసన తగిలితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. ఆర్వోకు మాత్రం ఆ పూట కాఫీ చేదుగా ఉంది. తప్పు కాఫీది కాదు. బల్లకు అటువైపు కూర్చుని పదిహేడేళ్ల లినేయా ఫోను చూసుకుంటూ కిలకిలా నవ్వుతోంది. ఎవరి మెసేజీకి ఆ నవ్వు వస్తోందో ఆర్వోకు తొంగిచూడకుండానే తెలుసు. మామూలుగా ఆ పిల్ల పొద్దున్నే నవ్వదు. పలకరిస్తే మూలుగుతుంది, ఎక్కువ పలకరిస్తే కసురుతుంది. ఇలా నవ్విందంటే అవతల ఉన్నది కిర్క్.

కిర్క్ అంటే లినేయా కన్నతండ్రి. ఒకప్పుడు సైకిల్ పందేలలో పేరున్నవాడు. పిల్లకు ఆరేళ్లప్పుడు దాని తల్లి హైడీతో విడాకులై మినియాపొలిస్ వెళ్లిపోయాడు. మరుసటేడు ఆర్వో హైడీకి తోడుగా ఈ ఇంట్లోకి వచ్చాడు. అప్పటినుంచీ ఈ డులూత్ ఊరి చలికాలాల్లో లినేయా బూట్లలో మంచు దులిపింది ఆర్వో. తెల్లవారకుండానే లేచి వ్యాను వేడిచేసి సైకిల్ ప్రాక్టీసుకు తీసుకెళ్లింది ఆర్వో. జ్వరమొస్తే బకెట్ పట్టుకుని పక్కన కూర్చుంది ఆర్వో. ఏడాదికి రెండుసార్లు డోనట్ల పెట్టెతో ఊడిపడేది కిర్క్. అయినా అతను ‘నాన్న’, ఇతను ‘ఆర్వో’. అదేమీ కొత్త సంగతి కాదు, కానీ విన్న ప్రతిసారీ ఆర్వోకు కొత్తగానే గుచ్చుకునేది.

“నాన్న నిన్ననే ఊళ్లోకి వచ్చేశాడంట. మోటెల్‌లో దిగాడంట,” అంది లినేయా.

“ఊఁ,” అన్నాడు ఆర్వో.

“తన రేసు హ్యాండిల్‌బార్ ఇవాళ పాత సైకిళ్ల సంతలో పెడుతున్నాడు. కార్బన్‌ది! మధ్యాహ్నం దాకా ఎవరడిగినా ఇవ్వడంట, నా కోసం ఆపుతాడంట.”

పొయ్యి దగ్గర పాన్‌కేక్ తిరగేస్తున్న హైడీ వెనక్కి తిరిగింది. “సొంత కూతురికి అమ్మడమేమిటే? ఊరికే ఇచ్చేయొచ్చుగా?”

“అలా కుదరదమ్మా. సంతకొచ్చిన సరుకు బల్ల మీద పెట్టి అమ్మాల్సిందే. డబ్బంతా పిల్లల సైకిల్ క్లబ్బుకి పోతుంది. అయినా ఐస్‌క్రీమ్ షాపులో చేతులు గడ్డకట్టేలా పనిచేశాను, నా డబ్బుతో నేనే కొనుక్కుంటా.” ఆర్వో వైపు తిరిగింది. “నువ్వు చూస్తావుగా? నువ్వు చూశాకే కొంటానని నాన్నకి చెప్పేశా.”

“అందరివీ చూస్తాను, నీదీ చూస్తాను,” అన్నాడు ఆర్వో. అని కాఫీ సింకులో పారబోశాడు.

ఆర్వో పని పడవలు బాగుచేయడం. సరస్సుల్లో రాళ్లకు తగిలి చిట్లిన తేలిక పడవలకు పొర మీద పొర అతికించి మళ్లీ నీళ్లలోకి దింపుతాడు. సైకిల్ హ్యాండిల్‌కు వేసే కార్బన్ బార్లు కూడా అలాంటి పొరలతో చేసేవే. ఇనుము దెబ్బతింటే వంగుతుంది, వంగి మనకు చెబుతుంది. కార్బన్ చెప్పదు. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఒకరోజు వాలులో చేతుల్లోనే పుటుక్కుమంటుంది. వయసులో ఉన్నప్పుడు అలా ఒక పాత బార్ విరిగి ఆర్వో ముందు పళ్లు రెండు పోయాయి. ఇప్పుడున్నవి కట్టుడు పళ్లు. అందుకే వసంతంలో జరిగే పాత సైకిళ్ల సంతలో అతనికి ఓ మూల బల్ల వేస్తారు. కార్బన్ సరుకు ఏదైనా ఆ బల్ల మీదికి రావాల్సిందే. బాగుంటే సుద్దముక్కతో గీత గీస్తాడు. బాగోలేకపోతే అక్కడికక్కడే రంపంతో రెండు ముక్కలు చేస్తాడు, చెత్తబుట్టలోంచి ఎవరూ ఏరుకుపోకుండా. ఇంకో నియమం కూడా ఉంది. చేతిపట్టు కోసం బార్‌కు చుట్టిన టేపు మొత్తం విప్పందే మాట చెప్పడు. కొత్త టేపు చుట్టి ఉంటే మరీ అనుమానిస్తాడు. దెబ్బలు దాక్కునేది దాని కిందే.

ఆ నియమం ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో అయితే చెప్పనక్కర్లేదు, ఆర్వో చూడని కార్బన్ ముక్క లినేయా సైకిల్ ఎక్కదు.

సంత జరిగేది, మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు హాల్లో. చలికాలమంతా మంచుగడ్డ పరిచే నేల ఇప్పుడు ఉత్త సిమెంటు. చక్రాలు, సీట్లు, గొలుసులు బల్లల మీద గుట్టలుగా పడి ఉన్నాయి. తలుపు దగ్గర ఆర్వో తల్లి ఐలీ, ఎనభై దాటిన మనిషి, కాఫీ పోస్తూ యాలకుల రొట్టె ముక్కలు అమ్ముతోంది. తాను చేసిన రొట్టె కొనకుండా లోపలికి పోయేవాడి వైపు ఆవిడ చూసే చూపుకి సగంమంది భయపడి కొంటారు.

పొద్దుటినుంచి ఆర్వో తన పద్ధతిలో తాను పనిచేసుకుంటున్నాడు. ఓ పెద్దాయన అటకమీంచి దింపిన తుక్కు బార్ తెస్తే, దానికీ ఓపికగా టేపంతా విప్పి, తుడిచి, టార్చి వేసి చూసి, “దీన్ని గోడకి తగిలించుకో బాబాయ్, సైకిల్‌కి వద్దు,” అని నవ్వుతూ రంపం తీశాడు. పెద్దాయన కూడా నవ్వాడు.

అంతలో కిర్క్ వచ్చాడు. నెరిసిన జుట్టు కూడా అతనికి అందంగానే ఉండటం ఆర్వోకు మొదటి మంట. లినేయా హాలు ఆ చివర్నుంచి పరిగెత్తి మెడకు వేలాడటం రెండో మంట.

“ఏం గురూ, పళ్లు కుదురుగా ఉన్నాయా?” అంటూ కిర్క్ వీపు చరిచాడు. ఉండబట్టలేక పక్కవాళ్లు నవ్వారు. ఆర్వో కూడా పళ్లు కనబడేలా నవ్వాడు, ఏం చేస్తాడు.

కిర్క్ బార్ బల్ల మీద పెట్టాడు. దాన్ని సైకిల్‌కు పట్టి ఉంచే బిగింపు ముక్కతో సహా జోడీగా తెచ్చాడు. కొత్తగా, నున్నగా, నెమలికంఠం రంగు టేపు చుట్టి ఉంది.

“నాన్నా! నా రంగు!” అని లినేయా చప్పట్లు కొట్టింది.

 ఆమె రంగు పసుపు అనుకుంటున్నాడు ఆర్వో ఇన్నాళ్లూ. వచ్చే నెల పుట్టినరోజుకని పసుపు టేపు కొని గరాజ్ సొరుగులో దాచి ఉంచాడు. ఒకే ఇంట్లో ఉంటూ తనకు తెలియలేదు, ఎక్కడో ఉన్నవాడికి తెలిసింది. రంగు ఎప్పుడు మారింది? ఎవరికి చెప్పింది? ఇంకెవరికి, ఫోన్‌లో వాళ్ల నాన్నకు.

జేబులోంచి నాణెం తీసి బార్ మధ్యలో తట్టాడు. టింగ్, టింగ్. గట్టి కార్బన్ పలికే చప్పుడు. వంపు దగ్గరికి వచ్చాడు. డబ్. మళ్లీ తట్టాడు. డబ్. మెత్తగా, లోపల ఏదో చచ్చినట్టు పలికింది. లోపల పొరలు విడిపోతే అలాగే పలుకుతుంది. ఇక టేపు విప్పి చూడాలి. చెయ్యి టేపు కొస మీదికి వెళ్లింది కూడా.

“అది విప్పకు గురూ, నిన్ననే చుట్టాను,” అన్నాడు కిర్క్. “ఒక్కసారి కూడా దీంతో పడలేదు. ఒట్టు.”

ఆర్వో తలెత్తాడు. లినేయా తల కిర్క్ భుజం మీద ఉంది. చిన్నపిల్లలా ఆనుకుని, కళ్లు మెరుస్తూ, వాళ్ల నాన్న బార్ వైపు చూస్తోంది. ఆర్వోకు ఒళ్లంతా కారం రాసినట్టయింది.

“పనికిరాదు,” అన్నాడు. “లోపల పొరలు విడిపోయాయి. అయిపోయింది దీని పని.”

అని రంపం అందుకున్నాడు.

“టేపు విప్పలేదు నువ్వు,” అంది లినేయా.

“అక్కర్లేదు. చప్పుడు విన్నావుగా.”

“అందరికీ విప్పావు. ఆ తుక్కు బార్‌కి కూడా విప్పావు!”

“చెప్పాను కదా అక్కర్లేదని! ఇటివ్వు.”

రంపం పళ్లు టేపుకు ఆనేలోపు లినేయా బార్ లాక్కుని గుండెకు హత్తుకుంది. “దీని మీద రంపం పెట్టావంటే ఊరుకోను ఆర్వో!”

కిర్క్ ముఖంలో నవ్వు పోయింది. “పగిలిన బార్ నా కూతురి చేతుల్లో పెడతానా? ఏం మనిషిననుకున్నావు నన్ను?”

“నీ కూతురి సంగతి నీకేం తెలుసు?” ఆర్వో గొంతు అతనికే తెలియకుండా లేచింది. “ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చి రంగు టేపు చుట్టిపోతే సరిపోయిందా? మిగతా రోజులన్నీ ఎవరు చేస్తున్నారనుకున్నావ్?”

హాలు సద్దుమణిగింది. ఎక్కడో ఎవరో తిప్పి వదిలిన చక్రం మాత్రం టికటికమంటూ తిరుగుతోంది.

“అదీ సంగతి,” అంది లినేయా మెల్లగా. ఆమె అరిచి ఉంటే బాగుండేది. “నీకు పగిలినట్టు కనబడింది బార్ కాదు, మా నాన్న.”

డబ్బు తీసి క్లబ్బు డబ్బాలో వేసి, బార్ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. సుద్దగీత లేకుండా కార్బన్ సరుకు ఆ తలుపు దాటి పోవడం అదే మొదలు.

ఐలీ కాఫీ కెటిల్ వదిలేసి కొడుకు దగ్గరికి వచ్చింది. “ఒరేయ్, పొద్దుటినుంచి చూస్తున్నాను. ఊరందరికీ విప్పావు. వాడిదొక్కటే విప్పలేదు.”

“నువ్వు వెళ్లి కాఫీ పొయ్యమ్మా.”

“పోస్తాను. నీ మొహం ఇటు పెట్టకు, పాలు విరుగుతాయి.”

ఆర్వో ఇంటికి వచ్చేసరికి హైడీ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. చిన్న ఊరిలో కబురు మనిషికన్నా ముందే ఇల్లు చేరుతుంది. లినేయా గది తలుపు బిగించి ఉంది.

“ఏమంటోంది?” అన్నాడు ఆర్వో.

“ఏమంటుంది, రేపు ఆ బార్ తనే బిగించుకుని వాళ్ల నాన్నతో కొండ వాలులో తొక్కుతుందంట. నీ మాట ఇక వినదంట.” హైడీ తువ్వాలు మడతపెట్టి, ఆ మడతను మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది. “సూటిగా అడుగుతున్నా. ఆ బార్ నిజంగా పనికిరాదా?”

ఆర్వో కుర్చీలో కూలబడ్డాడు. “తెలియదు.”

“తెలియదా! అంతమందిలో రంపం తీసినవాడివి ఇప్పుడు తెలియదంటావా?”

“డబ్‌మంది హైడీ. ఆ మాట నిజం. కానీ అది పనికిరాకూడదని నాకు ముందే ఉంది. దాంతో విన్నదెంతో, వినాలనుకున్నదెంతో నాకే తెలియట్లేదు.” చేతుల్లోకి చూసుకున్నాడు. “పిల్ల వాడి భుజం మీద తల పెట్టింది. నాకు కళ్లు కుట్టాయి. కుళ్లుకున్నాను. చాలా?”

హైడీ తువ్వాలు పక్కన పెట్టింది. తరువాత వచ్చి ఎదురుగా కూర్చుంది. “కుళ్లుకో. నీ ఇష్టం. కిర్క్‌ని చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది, నాకు కారణాలు ఇంకా ఎక్కువ. కానీ ఒక్కటి ఆలోచించు. ఆ పిల్ల కొండలమీంచి గాలిలా దిగుతుంటే నేను ఇంట్లో ఎలా కూర్చోగలుగుతున్నానో తెలుసా? దాని తలమీద హెల్మెట్ ఉందని కాదు. దాని చేతిలో ఉన్న ప్రతి ముక్కా నువ్వు చూశావని. ఇవాళ నువ్వు కడుపుమంటతో వద్దన్నావని దానికి తెలిసిపోయింది. రేపు నిజంగానే వద్దనాల్సిన రోజు వస్తుంది. ఆరోజు అది నీ మాట వినకపోతే?”

 ఆర్వో నాలుక కట్టుడు పళ్లను తడుముకుంది. పాత బార్ విరిగిన రోజు నోట్లో నిండిన రక్తం రుచి గుర్తొచ్చింది. ఆ నోరు తనది కాక లినేయాది అయితే?

ఆ ఇంట్లో శనివారం సాయంత్రం సానా అనే ఆవిరిగదిలో పొయ్యి వెలిగించడం, ఐలీతో సహా అందరూ ఆవిరిలో కూర్చుని వారం రోజుల అలసట కరిగించుకోవడం మామూలు. ఆ శనివారం ఎవరూ పొయ్యి ముట్టించలేదు.

ఆర్వో లినేయా గది తలుపు తట్టాడు.

“వద్దు,” అంది లోపల్నుంచి.

“ఏం వద్దు? నేనింకా ఏం అడగలేదు.”

“ఏదైనా వద్దు.”

“రేపు పొద్దున గరాజ్‌లో టేపు విప్పి చూద్దాం. నువ్వే చెయ్యి. నేను ముట్టుకోను.”

“మళ్లీ పనికిరాదనడానికా?”

“ఏమో. ఇంకా తెలియదు. ఇందాక నేను బార్‌ను చూడలేదు లినేయా.”

లోపల మంచం కిర్రుమంది. తరువాత గొంతు తలుపుకు దగ్గరగా వచ్చింది. “మరి ఏం చూశావ్?”

ఆర్వో తలుపు చెక్కకు నుదురు ఆనించాడు. “మీ నాన్న భుజం మీద నీ తల.”

తలుపు తెరుచుకోలేదు. చాలాసేపటికి, “పొద్దున కాఫీ తాగాక రా,” అని మాత్రం వినబడింది.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఇంటి ముందు మిగిలిన మంచుకుప్ప మీద ఇసుక నల్లగా తేలింది. గరాజ్‌లో ఆర్వో ముక్కాలిపీట మీద కూర్చుని, చెప్పినట్టే రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. లినేయా బార్‌ను గుడ్డ పరిచిన బల్ల మీద పడుకోబెట్టింది. మొహం ముభావంగానే ఉంది.

“ముందు బిగింపు ముక్క ఊడదీసి పక్కన పెట్టు. తరువాత టేపు మెల్లగా విప్పు, చిరగనివ్వకు.”

“ఎందుకు? ఎలాగూ పారేస్తావుగా.”

“మళ్లీ చుట్టాల్సి వస్తుందేమో. మీ నాన్న మోజుగా చుట్టాడు.”

లినేయా ఒక్కసారి అతని వైపు చూసి, ఏమీ అనకుండా గోటితో టేపు కొస లేపింది. వరస వరసగా విప్పుకుంటూ పోయింది. కింద నల్లటి కార్బన్ బయటపడింది. ఆర్వో చెబుతుంటే స్పిరిట్‌తో తుడిచింది. టార్చి పక్కవాటుగా పట్టుకుని గీతలున్నాయేమో చూసింది. కనబడ్డ ప్రతి గీత మీదా గోరు అడ్డంగా లాగింది. హైడీ పాత నైలాన్ మేజోడు చేతికి తొడుక్కుని బార్ పొడుగునా రాసింది. ఎక్కడైనా పగులుంటే మేజోడు పోగు పట్టుకుంటుంది. ఎక్కడా పట్టలేదు. బ్రేకు పిడి బిగించిన చోట, మధ్య బిగింపు పడిన చోట నొక్కుడు గుర్తులుంటాయేమోనని వెతికింది. లేవు. రెండు చివరలూ పట్టుకుని మోకాలి మీద ఒత్తి చూసింది. కిర్రుమనలేదు.

“ఇప్పుడు నాణెం,” అన్నాడు ఆర్వో.

టింగ్, టింగ్. వంపు దగ్గర, డబ్.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇక్కడ నిజం చెప్పాలి. ఆ ‘డబ్’ వినగానే ఆర్వో లోపల ఒక మూల, చీమంత సంతోషం కదిలింది. కదిలిందని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. లినేయా కింది పెదవి వణుకుతోంది. నాన్న బార్ పగిలిందని ఆ పిల్ల ముఖం మాడిపోతుంటే తనకు సంతోషమా? థూ, అనుకున్నాడు.

“ఆగు,” అన్నాడు. “ఒక చప్పుడుతో తేల్చకూడదు. నిన్న నేను చేసిన తప్పు అదే. చివర్లోంచి లోపలికి టార్చి వెయ్యి. ఏం కనబడుతోంది?”

లినేయా ఒక కన్ను మూసి బార్ గొట్టంలోకి చూసింది. “ఏదో... బూడిద రంగుది. మెత్తగా ఉంది.”

సన్నటి చిమటాతో పట్టి లాగింది. పొడుగాటి స్పాంజి తొడుగు జారి బయటికొచ్చింది. రెండో వైపు నుంచి ఇంకొకటి. ఈ బార్‌లో బ్రేకు గొట్టాలు లోపలినుంచే పోతాయి, రోడ్డు గతుకులకు అవి లోపల కొట్టుకుంటూ గలగలమంటాయి. ఆ గలగల లినేయాకు పరమ చిరాకు. అది తెలిసే కిర్క్ ముందుగానే తొడుగులు దూర్చి ఉంచాడు.

నాణెంతో మళ్లీ తట్టింది. టింగ్. వంపు దగ్గర కూడా టింగ్. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే గంట.

లినేయా నాణెం కింద పెట్టింది. “చెప్పు.”

“బాగుంది,” అన్నాడు ఆర్వో. “శుభ్రంగా ఉంది. కొనదగ్గ బారే. నేను వాడినా ఇదే వాడతాను.” చేతులు తొడల కిందనుంచి తీసి మొహం తుడుచుకున్నాడు. “నిన్న నేను అన్యాయం చేశాను. టేపు విప్పితే బాగుందని తేలుతుందేమోనని విప్పలేదు. ఓర్వలేకపోయాను లినేయా. పొద్దున్నే నీ నవ్వు విన్నప్పటినుంచే నా బుద్ధి నా దగ్గర లేదు. నా దగ్గర నువ్వు ఎప్పుడూ అలా నవ్వవు.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. యాభై దాటిన మనిషి, చిన్నపిల్లను పట్టుకుని నువ్వు నవ్వవని ఫిర్యాదు.

లినేయా స్పాంజి తొడుగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. “నీ దగ్గర నవ్వాల్సిన అవసరమేముంది?”

“అంటే?”

“నాన్న దగ్గర నవ్వాలి ఆర్వో. సరదాగా ఉండాలి. నేను సరదాగా లేకపోతే... ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు ఒక్కసారే వస్తాడేమో. ఆ మెసేజీలకి నవ్వీ నవ్వీ ఒక్కోసారి దవడలు నొప్పెడతాయి తెలుసా?” ఆమె కళ్లు నిండాయి. కోపంగా తుడుచుకుంది. “నీ ముందు మొహం ఎంత మాడ్చుకున్నా, తలుపు మొహాన వేసినా, పొద్దున్నే లేచేసరికి నువ్వక్కడే ఉంటావు. ఆ దిక్కుమాలిన కాఫీ పెట్టుకుని. అందుకే నిన్న అంత కోపమొచ్చింది. నువ్వు కూడా అలా చేస్తే ఇక నేను ఎవరి మాట నమ్మాలి?”

ఆర్వోకు కళ్ల ముందు బల్ల అలుక్కుపోయినట్టయింది. ఇన్నాళ్లూ ఆ నవ్వు చూసి కుళ్లుకున్నాడు. ఆ నవ్వు వెనక ఇంత భయం ఉందని, తనకు దక్కిన ఆ చిరాకు, మూలుగు, కసురు, అదంతా భయం లేనితనమని తట్టనే లేదు. లేచి వెళ్లి పిల్ల తల మీద చెయ్యి వేశాడు. ఆమె తోసెయ్యలేదు. ముక్కు అతని చొక్కాకు తుడుచుకుంది.

“ఇక బిగిద్దాం రా,” అంది కాసేపటికి.

ఆర్వో పక్కన పెట్టిన బిగింపు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. బార్‌ను మధ్యలో కరిచిపట్టుకునేది అదే. అలవాటుగా బొటనవేలు లోపలి అంచు వెంట తిప్పాడు. ఆగాడు. మళ్లీ తిప్పాడు. ఒకచోట అంచు సన్నగా, కత్తిలా తగిలింది. బిగించిన కొద్దీ కార్బన్‌లోకి దిగుతుంది. ఇవాళ కాదు, రేపు కాదు, ఎప్పుడో ఒక వాలులో.

చెప్పాలంటే భయం వేసింది. ఇప్పుడే ఒకటి తప్పని ఒప్పుకున్నాడు. మళ్లీ కిర్క్ తెచ్చినదాన్నే వద్దంటే ఏమనుకుంటుంది? చెప్పకుండా ఉంటే? ఆ ఆలోచన వచ్చినందుకే తనను తాను తిట్టుకున్నాడు.

“ఇది వద్దు,” అన్నాడు.

లినేయా దాన్ని తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. వేలు పెట్టి తడిమింది. “నాకేం తగలట్లేదే.”

“నాకు తగులుతోంది.”

ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. అక్కడ ఏం వెతికిందో, ఏం కనబడిందో. బిగింపు ముక్కను తీసి తుక్కు డబ్బాలో వేసేసింది. సొంత సైకిల్ పాత బిగింపు విప్పడానికి పానా కోసం వెతకసాగింది.

అప్పుడే డోనట్ల పెట్టెతో కిర్క్ గరాజ్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. పందెంలో ఓడినవాడిలా కాస్త బిగుసుకునే ఉన్నాడు. ఆర్వో ఆలస్యం చెయ్యలేదు. చేస్తే నోరు పెగలదని తెలుసు.

“కిర్క్, నీ బార్ బాగుంది. నిన్న అందరి ముందూ తప్పు చెప్పాను. టేపు విప్పకుండా, కుళ్లుతో చెప్పాను. వచ్చే సంతలో అందరి ముందే ఆ మాట అంటాను. నువ్వు దూర్చిన స్పాంజి చప్పుడు విని పగులన్నాను.”

కిర్క్ తల గోక్కున్నాడు. “తొడుగుల సంగతి నేనైనా చెప్పాల్సింది గురూ. కొత్త టేపు చుట్టి తేవడం కూడా నాదే తెలివితక్కువ. నువ్వు విప్పుతావని తెలుసు కదా. నీ చేత విప్పించుకోకూడదనే మొండితనం ఏదో నాకూ ఉన్నట్టుంది.”

బల్ల దగ్గరికి వచ్చి బార్‌ను ముద్దుగా నిమిరాడు. అటూ ఇటూ వెతికాడు. తుక్కు డబ్బాలో తన బిగింపు ముక్క కనబడింది.

“ఇదేంటి చిట్టితల్లీ, ఇక్కడ పడేశారు? బార్‌కీ దీనికీ జోడీ. దీనికేమైంది?”

“ఏమో, నాకైతే ఏం కనబడలేదు,” అంది లినేయా పానా తిప్పుతూ, తల ఎత్తకుండానే.

“మరి?”

“ఆర్వో వద్దన్నాడు.”

“అది సరే, ఎందుకు వద్దన్నాడని?”

“ఆర్వో వద్దన్నాడు నాన్నా. అంతే.”

కిర్క్ ముఖంలో ఏదో ఒక్కసారి మెదిలి మాయమైంది. చిన్నదే, ఇంకెవరైనా అయితే గమనించేవారు కూడా కాదు. ఆర్వో మాత్రం ఇట్టే గుర్తుపట్టాడు. పదేళ్లుగా గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో చూస్తున్నదే అది. గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించలేదు. పాపం అనిపించింది.

సొరుగులో పసుపు టేపు ఉంది. ఆర్వో దాని జోలికి పోలేదు. చిరగకుండా విప్పిన నెమలికంఠం రంగు టేపును జాగ్రత్తగా చుట్టచుట్టి కిర్క్ చేతిలో పెట్టి, తన ముక్కాలిపీట అతని వైపు జరిపాడు.

“కూర్చో కిర్క్. బార్ బిగించాక టేపు నువ్వే చుట్టాలి, అప్పటిదాకా టైముంది. కాఫీ తెస్తాను,” అని కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి నడిచాడు.